క్రిస్టఫరు స్ట్రేచీ

మానవుడు తన మనస్సులోని భావమును తోడి మానవునికి తెలుపుటకు భాష సాధనము. వేల యేండ్లుగా ప్రజల నోళ్ళలో నలిగి, కవుల చేతులలో పదునెక్కి, వైయాకరణుల వలన నియమబద్ధమై భాషలు పెరిగినవి. ఇరువదవ శతాబ్దము నడుమ మానవునికి ఒక క్రొత్త అవసరము కలిగెను. లెక్కలు చేయు యంత్రముతో మాటలాడవలసి వచ్చెను. ఆ యంత్రమే కంప్యూటరు. దానికి మాతృభాష లేదు, ఊహ లేదు, చెప్పిన మాటలో లోపమున్నచో సవరించుకొని గ్రహించు తెలివి లేదు. అట్టి దానితో మాటలాడుటకు తగిన భాషను మానవుడే బుద్ధిపూర్వకముగా కల్పింపవలసియుండెను. ఆ కార్యమునకు తన జీవితమును ధారపోసినవారిలో క్రిస్టఫరు స్ట్రేచీ ఒకడు. ఆయన తలపెట్టిన గొప్ప భాష తలచినట్లు పూర్తి కాలేదు. అయినను నేడు ప్రపంచమున వాడుకలోనున్న పెక్కు కంప్యూటరు భాషలలో ఆయన తలపులు సజీవముగా నున్నవి.

స్ట్రేచీ 1916 వ సంవత్సరము నవంబరు 16 వ తేదీన లండను నగరమందలి హాంప్‌స్టెడ్ అను ప్రాంతమున జన్మించెను. ఆయన వంశము విద్యావంతుల వంశము. పితామహుడు సర్ రిచర్డు స్ట్రేచీ భారతదేశమున ఇంజనీరుగా పనిచేసి, కాలువలు మొదలగు ప్రభుత్వ నిర్మాణములలో పేరుగాంచినవాడు. తండ్రి ఆలివరు స్ట్రేచీ గూఢలిపులను ఛేదించుటలో దిట్ట. రెండు ప్రపంచయుద్ధములలోను శత్రువుల రహస్య సందేశములను చదివి దేశమునకు తోడ్పడెను. తల్లి రే స్ట్రేచీ కేంబ్రిడ్జిలో గణితము చదివినది. స్త్రీలకు ఓటుహక్కు కావలెనని పోరాడినవారిలో ఆమె ముఖ్యురాలు. ఆ ఉద్యమ చరిత్రను ఆమె 1928 లో గ్రంథముగా ప్రకటించెను. ప్రసిద్ధ జీవితచరిత్రకారుడు లిట్టను స్ట్రేచీ ఆయనకు పినతండ్రి. ఇట్లు గణితము, గూఢలిపి, గ్రంథరచన అను మూడును ఆ బాలునికి ఇంటిలోనే పరిచయమైనవి.

బాల్యమున ఆయనకు చిక్కుప్రశ్నలన్నను, ఆటలలోని యుక్తులన్నను మిక్కిలి ప్రీతి. నార్ఫోకు మండలమందలి గ్రెషాం పాఠశాలలో చదువు ముగించి, 1935 లో కేంబ్రిడ్జిలోని కింగ్సు కళాశాలలో చేరెను. మొదట గణితము, పిదప భౌతికశాస్త్రము అభ్యసించెను. బుద్ధి సూక్ష్మమైనదే కాని చదువునందు నిలకడ లేకుండెను. మూడవయేట మనస్సు వ్యాకులపడి ఆరోగ్యము దెబ్బతినెను. తుదకు సామాన్యమైన శ్రేణిలో మాత్రమే ఉత్తీర్ణుడయ్యెను. పరిశోధనకు తగిన పట్టము రాలేదు. ఆనాడు ఆయనను చూచినవారెవ్వరును ఈతడు విశ్వవిద్యాలయ ఆచార్యుడు కాగలడని తలచియుండరు.

అంతట ఆయన స్టాండర్డు టెలిఫోన్సు అండ్ కేబుల్సు అను సంస్థలో ఉద్యోగమున చేరెను. అది యుద్ధకాలము. రేడారు యంత్రములలో వాడు వాల్వులను గూర్చిన లెక్కలు ఆయనకు అప్పగింపబడెను. అవి చేతితో చేయుటకు మిక్కిలి కష్టములు. వాని కొరకు చక్రములతోను ఇరుసులతోను పనిచేయు ఒక లెక్కల యంత్రమును వాడవలసి వచ్చెను. అప్పుడే ఆయన మనస్సున, యంత్రముచేత ఆలోచనతో కూడిన పని చేయింపవచ్చునా యను ప్రశ్న అంకురించెను.

యుద్ధము ముగిసిన పిదప స్ట్రేచీ ఉపాధ్యాయుడయ్యెను. 1945 నుండి కాంటర్బరీలోని సెయింటు ఎడ్మండు పాఠశాలలోను, 1949 నుండి సుప్రసిద్ధమైన హారో పాఠశాలలోను బోధించెను. పగలు తరగతులు, సాయంకాలము విద్యార్థుల పుస్తకములు దిద్దుట. ఇట్టి జీవితమున ముప్పది నాలుగేండ్ల వయస్సున ఆయనకు అదృష్టరేఖ తోచెను. 1951 జనవరిలో ఒక మిత్రుని పరిచయము వలన ఆయన జాతీయ భౌతిక ప్రయోగశాలకు పోయి, అచట నూతనముగా నిర్మింపబడిన పైలట్ ఏస్ అను కంప్యూటరును చూచెను. ఒక దినమంతయు దాని సంగతులు విని, పాఠశాలకు మరలివచ్చి, సెలవుదినములలో దానికొక పని కల్పింపబూనెను. అది డ్రాఫ్ట్సు అను ఆట. మన పులిజూదమువలె గళ్ళపలకపై కాయలు నడుపు ఆట యది. యంత్రము తానే ఎత్తు ఆలోచించి మానవునితో ఆడవలెను. ఆయన వ్రాసిన ప్రోగ్రాము ఆ చిన్న యంత్రపు జ్ఞాపకశక్తికి మించినదయ్యెను. ఆయన నిరుత్సాహపడలేదు.

మాంచెస్టరు నగరమున ఇంతకంటె పెద్ద కంప్యూటరు కలదని విని, దానిని గూర్చి గైడు వ్రాసిన ఆలన్ ట్యూరింగు అను మహాగణితజ్ఞునికి జాబు వ్రాసి పుస్తకము తెప్పించుకొనెను. ట్యూరింగు ఆయనకొక కఠినమైన పని సూచించెను: యంత్రము తన పనిని తానే అడుగడుగునకు పరిశీలించుకొనునట్లు ఒక ప్రోగ్రాము వ్రాయవలెను. స్ట్రేచీ వేయికి పైబడిన ఆదేశములతో దానిని రచించెను. అంతటి పెద్ద ప్రోగ్రామును ఆ యంత్రముపై అదివరకెవ్వరును నడపియుండలేదు. ఆయన మాంచెస్టరునకు పోయి, రాత్రియంతయు యంత్రము చెంత కూర్చుండి లోపములు సవరించెను. తెల్లవారునప్పటికి ప్రోగ్రాము చక్కగా నడచెను. అది ముగియగానే యంత్రమునకు అమర్చిన ధ్వనిసాధనమునుండి ఇంగ్లండు జాతీయగీతపు స్వరము వెలువడెను. అచ్చటివారు ఆశ్చర్యపడిరి. ఒక పాఠశాల ఉపాధ్యాయుని పేరు కంప్యూటరు పండితులలో మారుమ్రోగెను. 1952 వేసవినాటికి డ్రాఫ్ట్సు ఆట కూడ ఆ యంత్రముపై పూర్తిగా ఆడదగినదయ్యెను.

ఆ ప్రతిభను గుర్తించి, నూతన పరిశోధనలను ప్రోత్సహించు ఒక జాతీయ సంస్థవారు 1952 లో ఆయనను తమ కొలువున నియమించుకొనిరి. ఆ సంస్థ తరఫున ఆయన కెనడాలోని టొరాంటోకు పోయి, సెయింటు లారెన్సు నదిపై నిర్మింపదలచిన ఓడల మార్గమునకు కావలసిన నీటిమట్టపు లెక్కలు కంప్యూటరుచేత చేయించెను. ఇంగ్లండునకు మరలివచ్చి క్రొత్త కంప్యూటర్ల రూపకల్పనలో పాల్గొనెను. 1959 లో పారిసు నగరమున జరిగిన అంతర్జాతీయ సభలో ఆయన ఒక నూతన భావమును ప్రకటించెను. మన అష్టావధాని ఎనిమిదిమంది పృచ్ఛకుల ప్రశ్నలను వంతులవారీగా గ్రహించి, ఒకరికి కొంత, వేరొకరికి కొంత చెప్పుచు అన్నింటిని పూరించును గదా. అట్లే ఒకే కంప్యూటరు పెక్కు ప్రోగ్రాములను వంతులవారీగా నడుపుచు, ఒకటి వేచియుండు క్షణములను వేరొకదానికి వినియోగింపవచ్చునని ఆయన చూపెను. కాలవిభజనమను ఈ భావము పిమ్మట కంప్యూటరు శాస్త్రమున ముఖ్యమైనది. ఆ సంవత్సరమే ఆయన ఉద్యోగమును విడిచి స్వతంత్రముగా సలహాదారుడయ్యెను. అప్పటినుండి ఆయన దృష్టి యంతయు భాషలపై నిలిచెను.

ఆనాటి కంప్యూటరు భాషల స్థితి ఎట్లుండెనో తెలిసిననేగాని స్ట్రేచీ కార్యపు గొప్పతనము బోధపడదు. తొలుత కంప్యూటరునకు అంకెలతోనే ఆదేశములు వ్రాసెడివారు. అది శ్రమతో కూడిన పని; తప్పులు దొర్లుటకు అవకాశము మెండు. పిదప మానవునికి సులభముగా తెలియు మాటలతోను, గణితచిహ్నములతోను భాషలు పుట్టినవి. 1957 లో అమెరికాలో ఫోర్ట్రాను, 1960 లో పెక్కు దేశముల పండితులు కూడి రచించిన ఆల్గాలు అట్టివి. ఆ మాటలను యంత్రపు అంకెలలోనికి మార్చు అనువాదక ప్రోగ్రామును కంపైలరు అందురు.

కంప్యూటరునకు పని చెప్పుటలో ముఖ్యముగా రెండు మార్గములు కలవు. ఒక చిన్న లెక్కతో ఇది తెలియగలదు. నలుగురు విద్యార్థుల మార్కులు 40, 55, 62, 70 అనుకొందము. వాని మొత్తము కావలెను. మొదటి మార్గము ఆదేశమార్గము. ఒక పెట్టెలో సున్న ఉంచుము, మొదటి సంఖ్యను దానికి కలుపుము, రెండవదానిని కలుపుము అని వరుసగా ఆజ్ఞలిత్తురు. పెట్టెలోని సంఖ్య 40, 95, 157, 227 అని మారుచు పోవును. రెండవది ప్రమేయమార్గము. ఇందు ఆజ్ఞలు లేవు, నిర్వచనమే కలదు. ఒక వరుస మొత్తమనగా మొదటి సంఖ్యకు తక్కిన వరుస మొత్తమును చేర్చినది; ఖాళీ వరుస మొత్తము సున్న. ఇంతే చెప్పుదురు. ఇచ్చట మారునది ఏదియు లేదు. బీజగణితమునందువలె సమానమైనదాని స్థానమున సమానమైనదానిని ఉంచి నిజానిజములు తేల్చుకొనవచ్చును.

మొదటి మార్గము యంత్రపు నడకకు దగ్గర, వేగమునకు అనుకూలము. రెండవ మార్గము మానవుని ఆలోచనకు దగ్గర. పొరపాటు కనుగొనుటకు అనుకూలము. ఆనాడు ఆదేశమార్గమే అధికముగా వాడుకలో నుండెను. అమెరికాలో జాన్ మెకార్తీ రచించిన లిస్పు అను భాష మాత్రము ప్రమేయమార్గమునకు ప్రాధాన్యమిచ్చెను. 1960 లో స్ట్రేచీ తనకు సహాయకునిగా పీటరు లాండిన్ అను యువకుని నియమించుకొనెను. అమెరికా గణితజ్ఞుడు అలోంజో చర్చి 1930 ప్రాంతమున కల్పించిన లాంబ్డా కలనమను ప్రమేయ గణితము కంప్యూటరు భాషలకు పునాది కాగలదని లాండిన్ నిరూపింపబూనెను. స్ట్రేచీ తన స్వంత ధనముతో అతనికి జీతమిచ్చి ఆ పరిశోధన సాగించెను. ఫలము ఎప్పుడు వచ్చునో తెలియని విద్యకు తన సంపాదన నిచ్చుట అరుదైన ఔదార్యము.

ఇంతలో ఒక అవకాశము వచ్చెను. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున మారిసు విల్క్సు అధ్యక్షతనున్న గణిత ప్రయోగశాలకు టైటాను అను గొప్ప కంప్యూటరు రానుండెను. లండను విశ్వవిద్యాలయమునకు దానికి బంధువువంటి అట్లాసు అను కంప్యూటరు రానుండెను. రెండింటికిని ఉపయోగపడు క్రొత్త భాష యొకటి కావలెను. 1962 లో స్ట్రేచీ కేంబ్రిడ్జిలో చేరి, డేవిడు బారన్, డేవిడు హార్ట్లీ అను వారితోను, లండనులోని జాన్ బక్స్టన్, ఎరిక్ నిక్సన్ అను వారితోను కలసి ఆ పనికి పూనుకొనెను. మొదట కేంబ్రిడ్జి పేరుతో పిలువబడిన ఆ భాషకు లండనువారు చేరిన పిదప కంబైన్డు ప్రోగ్రామింగు లాంగ్వేజి, అనగా సంయుక్త ప్రోగ్రాము భాష, అని పేరు పెట్టిరి. దానినే సంగ్రహముగా సి.పి.ఎల్. అందురు. ఆ భాషా లక్షణములను ఐదుగురును కలసి 1963 లో ప్రకటించిరి.

ఆ పేరు రెండు విశ్వవిద్యాలయముల కలయిక వలన వచ్చినదే యైనను, భాషయందు జరిగిన కలయిక మరింత లోతైనది. పైన చెప్పిన రెండు మార్గములును ఒకే భాషలో ఇమిడియుండవలెనని స్ట్రేచీ సంకల్పించెను. మన చంపూకావ్యమున పద్యమును గద్యమును కలసియుండును. పద్యమునకు తగిన భావమును కవి పద్యమున చెప్పును. కథ నడుపవలసినచోట వచనము వాడును. పద్యపాదములను ఇష్టము వచ్చినట్లు వచనమున జొనిపినచో అది చంపువు కాదు, గందరగోళము. ఏది ఎచట ముగిసి ఏది ఎచట మొదలగునో తెలియవలెను. స్ట్రేచీయు అట్లే భావించెను. విలువను తెలుపు వాక్యములు వేరు, పని చేయించు ఆజ్ఞలు వేరు అని ఆయన సి.పి.ఎల్. నందు స్పష్టమైన విభజన చేసెను. విలువ నిచ్చు ప్రమేయములకును, పని చేయు ఆదేశ సముదాయములకును వేరువేరు రూపము లేర్పరచెను. అయినను ఒకదాని లోపల మరియొకటి ఒదుగునట్లు ద్వారములు తెరచియుంచెను. కొన్ని ఆజ్ఞలను వరుసగా నడిపి, వాని ఫలితమును ఒక విలువగా గ్రహించు వీలు అందు కలదు.

ఇట్టి కలయికలో ఎన్ని చిక్కులున్నవో ఒక్క ఉదాహరణము చాలును. వడ్డీ లెక్కించు ప్రమేయమొకటి వ్రాసి, అందు వడ్డీరేటు అను పేరును వాడితిమనుకొందము. ప్రమేయమును నిర్వచించునాటికి రేటు నూటికి ఐదు. పిదప ఒక ఆజ్ఞ వలన అది ఆరుగా మారెను. ఇప్పుడా ప్రమేయము ఐదు చొప్పున లెక్కింపవలెనా, ఆరు చొప్పుననా? శుద్ధమైన గణితమున ఈ ప్రశ్నయే పుట్టదు, అచట విలువలు మారవు గనుక. ఆదేశమార్గమును ప్రమేయమార్గమును కలిపినప్పుడే ఇది తలయెత్తును. సి.పి.ఎల్. నందు ఈ రెండు అర్థములకును రెండు వేరు చిహ్నముల నేర్పరచిరి. నిర్వచించునాటి విలువను పట్టియుంచు ప్రమేయము ఒకటి. ఎప్పటికప్పుడు క్రొత్త విలువను చూచునది మరియొకటి. వ్రాయువాడు తన ఉద్దేశమును దాచుటకు వీలులేదు.

మరియొక సూక్ష్మమును గూడ ఆయన విశదపరచెను. గ్లాసు కడిగెను అన్నచో పాత్రయని అర్థము. గ్లాసు త్రాగెను అన్నచో అందలి నీరని అర్థము. మాట ఒకటే, అర్థము రెండు. కంప్యూటరు భాషలలో ఒక పేరు ఆజ్ఞకు ఎడమవైపున ఉన్నప్పుడు విలువను నిలువజేయు చోటును, కుడివైపున ఉన్నప్పుడు ఆ చోటనున్న విలువను తెలుపును. ఈ రెండింటికిని స్ట్రేచీ ఎడమ విలువ, కుడి విలువ అని వేరు పేర్లు పెట్టి, వాని ధర్మములను వివరించెను. నేటికిని ప్రోగ్రాము వ్రాయువారు ఆ పేర్లనే వాడుచున్నారు.

ఆలోచన ఇట్లు లోతునకు పోవుచుండగా కాలము ఆగలేదు. భాష పెద్దదయ్యెను. దానికి కంపైలరు వ్రాయుట మిక్కిలి కష్టమయ్యెను. ఒక లక్షణము అందముగా కుదురలేదని తోచినచో స్ట్రేచీ దానిని మరల మొదటినుండి ఆలోచించెడివాడు. రెండు నగరములలోనున్నవారు జాబులతోను సభలతోను ఏకాభిప్రాయమునకు రావలసియుండెను. అవతల కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు తమ లెక్కల కొరకు వేచియుండిరి. వారి అక్కరకు పీటరు స్విన్నర్టన్-డయ్యరు అను గణితజ్ఞుడు సులభమైన ఆటోకోడు అను భాషను టైటానునకు సిద్ధపరచెను. స్ట్రేచీ 1965 లో కేంబ్రిడ్జిని విడిచిపోవునాటికి సి.పి.ఎల్. పూర్తి కాలేదు. పూర్ణరూపమున అది ఎన్నడును జనసామాన్యపు వాడుకలోనికి రాలేదు. అన్నిటిని సమకూర్చవలెనను కోరికయు, లోపము సహింపని స్వభావమును ఆ భాష గొప్పతనమునకు కారణములు. దాని వైఫల్యమునకును అవియే కారణములు.

కాని మంచి విత్తనము మట్టిలో కలసినను నశింపదు. కేంబ్రిడ్జిలో పరిశోధన విద్యార్థిగానుండిన మార్టిన్ రిచర్డ్సు సి.పి.ఎల్. నుండి కంపైలర్లు వ్రాయుటకు అవసరమైన భాగమును మాత్రము గ్రహించి, 1967 నాటికి బి.సి.పి.ఎల్. అను చిన్న భాషను నిర్మించెను. దానిని ఆధారముగా గొని అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్ బి అను భాషను, దానినుండి 1972 నాటికి డెన్నిసు రిచీ సి అను భాషను రచించిరి. ఆ సి భాష లోకమంతట వ్యాపించెను. యూనిక్సు అను ప్రసిద్ధ నిర్వహణ వ్యవస్థ 1973 లో ఆ భాషలోనే తిరిగి వ్రాయబడెను. కేంబ్రిడ్జిలో చదువుకొనుచు బి.సి.పి.ఎల్. వాడిన బ్యార్నె స్ట్రౌస్ట్రప్, 1979 నుండి సి భాషకు నార్వే దేశపు సిమ్యులా అను భాషలోని వస్తుమార్గమును జోడించి సి ప్లస్ ప్లస్ అను భాషను నిర్మించెను. పెక్కు మార్గములను ఒకే భాషలో కలుపవలెనను పాత సంకల్పము ఇట్లు వేరొక రూపమున నెరవేరెను.

1965 లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ప్రోగ్రాము పరిశోధనకై ఒక చిన్న బృందము ఏర్పడి, స్ట్రేచీ దానికి అధ్యక్షుడయ్యెను. సి.పి.ఎల్. అనుభవము ఆయనకొక పాఠము నేర్పెను. భాషలోని అంశములను చేర్చుకొనుచు పోవుటకు ముందు, ఒక్కొక్క అంశమునకు అర్థమేమో తేల్చుకొనవలెను. 1967 ఆగష్టులో కోపెన్‌హేగన్ నగరమున ఆయన కంప్యూటరు భాషల మూలతత్త్వములను గూర్చి ఉపన్యాసము లిచ్చెను. సంఖ్యలకుగల హక్కులన్నియు ప్రమేయములకును ఉండవలెనని ఆయన వాదించెను. సంఖ్యను ఒక చోట దాచవచ్చును, వేరొకరికి ఈయవచ్చును, ఫలితముగా పొందవచ్చును. ప్రమేయమును గూడ అట్లే చేయగలుగవలెను. భాషలో కొందరు పూర్ణపౌరులును, కొందరు తక్కువ పౌరులును ఉండరాదు. అంకెల వరుసనైనను, పేర్ల వరుసనైనను ఒకే తీరున త్రిప్పివ్రాయు ప్రమేయమునకును, పూర్ణాంకములకు ఒక విధముగాను దశాంశములకు మరియొక విధముగాను పనిచేయు కూడిక గుర్తునకును గల భేదమును ఆయన నిరూపించి, రెండింటికిని పేర్లు పెట్టెను. ఆ ఉపన్యాసముల వ్రాతప్రతులు చేతులు మారుచు పండితులలో వ్యాపించినవి. అచ్చయినది మాత్రము 2000 వ సంవత్సరముననే.

1969 లో డానా స్కాటు అను అమెరికా తర్కశాస్త్రజ్ఞుడు ఆక్స్‌ఫర్డునకు వచ్చి స్ట్రేచీతో కలసెను. ఆజ్ఞ యనగా అర్థమేమి? ఇదియే వారి ముందున్న ప్రశ్న. స్ట్రేచీ సమాధానము సరళమైనది. యంత్రపు జ్ఞాపకమునందలి చోటులన్నింటి స్థితిని ఒక్క వస్తువుగా భావింపవలెను. ఆజ్ఞ యనగా ఒక స్థితిని వేరొక స్థితిగా మార్చు ప్రమేయము. రెండు ఆజ్ఞలు వరుసగా నున్నచో రెండు ప్రమేయములు ఒకదానివెంట నొకటి పనిచేసినట్లు. ఇట్లు చూచినప్పుడు ఆదేశమార్గమును ప్రమేయమార్గపు గణితముతోనే వివరింపవచ్చును. పైకి రెండుగా కనబడిన మార్గములు లోపల ఒకే పునాదిపై నిలిచియున్నవని తేలెను. కాని లాంబ్డా కలనమున ఒక ప్రమేయము తనను తనకే అన్వయించుకొనవచ్చును. అట్టివానికి తర్కమునకు నిలుచు గణితరూపము అప్పటికి లేకుండెను. ఆ లోపమును స్కాటు తన నూతన గణితముతో తీర్చెను. వారిద్దరును కలసి 1971 లో ఈ అర్థవిచారమును ప్రకటించిరి. కంప్యూటరు శాస్త్రమున అది ఒక ప్రత్యేక శాఖ యయ్యెను.

స్ట్రేచీ సిద్ధాంతమును మాత్రమే నమ్మినవాడు కాడు. ఆచరణ లేని సిద్ధాంతము శుష్కమనియు, సిద్ధాంతము లేని ఆచరణ గ్రుడ్డిదనియు ఆయన తలంపు. జో స్టాయ్ అను సహచరునితో కలసి 1972 నాటికి ఒక చిన్న కంప్యూటరునకు నిర్వహణ వ్యవస్థను రచించెను. దానిని వ్రాసిన భాష బి.సి.పి.ఎల్. తాను పూర్తి చేయలేని భాషకు పుట్టిన బిడ్డను ఆయన ఆదరముతో వాడుకొనెను. అహంకారమునకు అచ్చట చోటు లేకుండెను.

1971 లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము ఆయనను ఆచార్యునిగా గౌరవించెను. డాక్టరు పట్టము లేని, సామాన్య శ్రేణిలో ఉత్తీర్ణుడైన ఒకనాటి పాఠశాల ఉపాధ్యాయునికి అది గొప్ప గౌరవము. ఆయన వ్రాసి ప్రకటించినది తక్కువ; తృప్తి కలుగనిదే ఏ రచనను అచ్చునకు ఈయడు. ఆయన విద్య అధికముగా సంభాషణల వలనను, శిష్యుల వలనను వ్యాపించెను. రాబర్టు మిల్న్ అను శిష్యునితో కలసి అర్థవిచారమును గూర్చి ఒక పెద్ద వ్యాసమును 1974 లో ముగించెను. దానిని గ్రంథముగా తీర్చిదిద్దు భాగ్యము ఆయనకు లేకపోయెను. కాలేయవ్యాధి సోకి 1975 వ సంవత్సరము మే నెల 18 వ తేదీన, ఏబది యెనిమిదవ యేట, ఆయన పరమపదించెను. మరుసటి యేడు మిల్న్ ఆ గ్రంథమును పూర్తిచేసి ప్రకటించెను.

నేడు పైథాన్, స్కాలా మున్నగు భాషలలో ఆజ్ఞలును ప్రమేయములును వస్తువులును ప్రక్కప్రక్కన నివసించుచున్నవి. వానిని నేర్చు విద్యార్థులలో స్ట్రేచీ పేరు ఎరిగినవారు కొద్దిమందియే. పునాది రాళ్ళు కంటికి కనబడవు గదా! ఆయన జీవితమున రెండు విషయములు గ్రహింపదగియున్నవి. వేరువేరు మార్గములను కలుపుట యనగా అన్నింటిని ఒక మూటగా కట్టుట కాదు. ప్రతిదాని హద్దును, అర్థమును తెలిసికొని, వానికి మూలమైన ఐక్యమును కనుగొనుట. మరియు సత్యమును వెదకి చేసిన పని అసంపూర్ణముగా మిగిలినను వ్యర్థము కాదు. ఒకరు నాటినది మరియొకరి కాలమున ఫలించును. తలపెట్టిన భాష పూర్తి కాకున్నను, భాషలన్నింటికిని అర్థము చెప్పు విద్యకు దారి చూపిన క్రిస్టఫరు స్ట్రేచీ కీర్తి శాశ్వతమైనది.